ముగ్గు గీతంత పెంకు

(బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో, ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లల తల్లిదండ్రులతో, పాఠాలు చెప్పే వాలంటీర్లతో మాట్లాడిన మాటలు. పిల్లలు కూడా ముందు కూర్చున్నారు.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి కింద కూర్చోండి. తెచ్చిన రాళ్లు ఒళ్లో పెట్టుకోండి, ఇప్పుడే చూపించొద్దు, చివర్లో ఒక్కొక్కటీ చూద్దాం.

మా మనవడికి ఆరేళ్లు. పోయిన ఏడాది ఒకరోజు బయటికెళ్దామని ఇద్దరం లిఫ్టులో బేస్‌మెంట్‌కి దిగుతున్నాం, వాడు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వదలడం లేదు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా బయటికి అడుగు పెట్టడు. ఏమైంది నాన్నా అంటే, గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగాడు: "అమ్మమ్మా, కింద నిప్పు ఉంది కదా, మన కారు అక్కడెందుకు పెట్టారు?"

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పాను. ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. సాయంత్రం వాళ్లమ్మని అడిగితే తెలిసింది, వాళ్ల క్లాసులో గోడకు ఒక చార్టు ఉందట, భూమిని పుచ్చకాయలా కోసి చూపించే బొమ్మ, పైన బొటనవేలంత మందాన గోధుమరంగు అంచు, ఆ అంచు దాటగానే ఇక లోపలంతా ఎర్రగా, నారింజరంగుగా మంటలు. మీ అందరి ఇళ్లలో ఉన్న పుస్తకాల్లోనూ అలాంటి బొమ్మే ఉంటుంది, మనం చదువుకున్న రోజుల్లోనూ అదే ఉంది. ఆ బొమ్మ చూసిన ఆరేళ్ల పిల్లాడు బేస్‌మెంట్‌కి దిగితే నిప్పుకి దగ్గరవుతాం అనుకోవడంలో తప్పేముంది చెప్పండి? వాడు సరిగ్గానే ఆలోచించాడు, మనం ఇచ్చిన బొమ్మే తప్పు.

రెండు తప్పులు. భూమి పైపొరని, అంటే పెంకుని, మరీ మందంగా గీస్తాం, దాని కింద అంతా కరిగిన నిప్పుల సముద్రం అన్నట్టు రంగు పూస్తాం. పెద్దయ్యాక వాళ్లే దిద్దుకుంటారులే అనుకుంటాం గానీ దిద్దుకోరు. డిగ్రీకొచ్చిన పిల్లల్లో చాలామంది ఆ నారింజరంగు బొమ్మనే మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లు, అది చెరపడానికి నాకు ఒక్కోసారి నెల పట్టేది. అందుకే చిన్నపిల్లలకు తక్కువ చెప్పినా ఫర్వాలేదు, మళ్లీ చెరపాల్సిన అవసరం లేనిదే చెప్పాలని నా పట్టుదల.

సరే, ముగ్గు వేద్దాం.

బంగారం, నువ్వు రా, ఈ దారం కొస ఇక్కడ నేల మీద బొటనవేలితో అదిమిపట్టుకో, కదలకూడదు. దారం పొడవు 64 సెంటీమీటర్లు. భూమి నడిమధ్య నుంచి పైదాకా 6,371 కిలోమీటర్లు. అంటే వంద కిలోమీటర్లను మనం ఒక సెంటీమీటరు చేశాం. అమ్మా, మీరు రండి, మీకు ముగ్గు చేయి తిరిగినట్టుంది, దారం ఈ కొసకి ఆనించి చుట్టూ పిండి వదులుతూ రండి. ఆగకుండా. చాలా బాగా వచ్చింది.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా స్కేలు ఉందా? ఆ గీత మీద పెట్టు నాన్నా. గీత ఎంత వెడల్పుంది? మూడున్నర. ఇటు పక్క? నాలుగు మిల్లీమీటర్లు. మన బెంగళూరు కింద భూమి పైపెంకు సుమారు 35 కిలోమీటర్లు ఉంటుంది. ఈ ముగ్గు లెక్కలో మూడున్నర మిల్లీమీటర్లు. అంటే ఆ తెల్లగీత ఉంది చూశారా, ఆ గీతే పెంకు. గీత లోపలి అంచు దగ్గర పెంకు అయిపోయింది. మన ఊళ్లు, కొండలు, చెరువులు, ఎయిర్‌పోర్టు, మీ స్కూలు, అన్నీ ఆ పిండిగీత పై అంచున ఉన్నాయి.

హిమాలయాలూ టిబెట్టూ ఉన్న చోట రెట్టింపు, 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అక్కడ రెండుసార్లు గీత వేసుకోవాలి. సముద్రం అడుగున మాత్రం చాలా పలచన, ఏడు కిలోమీటర్ల దగ్గర. మీ అన్నయ్యలు వాడే మెకానికల్ పెన్సిల్‌లో 0.7 ములుకు వేస్తారు కదా, అంత. ముగ్గుపిండితో అంత సన్నగా ఎవరూ గీయలేరు.

గుడ్డు పెంకుతో పోల్చడం మనందరికీ అలవాటు, నేనూ కాలేజీలో అలాగే చెప్పేదాన్ని. ఒకరోజు వంటింట్లో లెక్క వేసి చూశాను. గుడ్డు పెంకు మిల్లీమీటరులో మూడో వంతు పైచిలుకు, గుడ్డు వెడల్పులో సగం 22 మిల్లీమీటర్లు. దాని ప్రకారం చూస్తే భూమి పెంకు గుడ్డు పెంకు కంటే కూడా దాదాపు మూడు రెట్లు పలచన. కాబట్టి పిల్లలకు గుడ్డు చూపించండి, కానీ "ఇంతకంటే ఇంకా పలచన" అని కూడా చెప్పండి.

అయితే పలచన అంటే పిల్లలకు మళ్లీ భయం పట్టుకుంటుంది, పగిలి కిందకి పడిపోతామా అని. అందుకే వెంటనే రెండోవైపు నుంచి కూడా చూపించాలి. భూమితో పోలిస్తే పలచన, మనతో పోలిస్తే మహా మందం. మా వాడికి నేను చెప్పింది ఇదీ: మెజెస్టిక్ బస్టాండు నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్లినప్పుడు ఎంతసేపు పట్టింది, నిద్రపోయావు కూడా కదా, ఆ దారంతా నిటారుగా కిందికి దిగితే అప్పటికి పెంకు అయిపోతుంది. మన బేస్‌మెంట్ రెండంతస్తులు కలిపి ఏడు మీటర్లు. అలాంటివి ఒకదాని కింద ఒకటి ఐదు వేలు కట్టాలి. వాడు "ఐదు వేలా?" అని లిఫ్టు బటన్ల వైపు చూశాడు. ఐదు వేల బటన్లు ఎక్కడ పెడతారా అని ఆలోచించి ఉంటాడు.

మనుషులు ఎంతవరకు వెళ్లారో ఈ ముగ్గు మీదే చూద్దాం. ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనులు. మీలో కొందరి తాతలు, ముత్తాతలు అక్కడ పనిచేసి ఉండొచ్చు, తమిళులతో పాటు మన చిత్తూరు వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2001లో మూసేసేనాటికి ఛాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతుకి వెళ్లింది. అక్కడ రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది, మనుషులు పనిచేయడానికి పైనుంచి చల్లగాలి పంపాల్సి వచ్చేది. ఒళ్లు కాలే వేడిలో, చీకట్లో, అంత లోతున రాయి కొట్టారు వాళ్లు. ఈ ముగ్గు మీద అదెంత? మిల్లీమీటరులో మూడో వంతు. రష్యాలో కోలా అనే చోట 1970లో ఒక బోరు మొదలుపెట్టారు, మన ఇళ్ల దగ్గర వేసే బోరు లాంటిదే, వెడల్పు జానెడు. 1989 నాటికి 12,262 మీటర్లు వెళ్లారు. ప్రపంచంలో ఎవరూ అంత లోతుగా నిలువునా తవ్వలేదు. అక్కడ వేడి 180 డిగ్రీలు, ఇక ముందుకు పోలేకపోయారు. ముగ్గులో అది 1.2 మిల్లీమీటర్లు. పిండిగీతలో మూడో వంతు! గీత దాటి అవతలికి ఇప్పటిదాకా ఎవరి బోరూ పోలేదు.

మరి లోపల ఏముందో ఎలా తెలిసింది? ఈ ప్రశ్న పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. పుచ్చకాయ కొనేటప్పుడు మీ నాన్న ఏం చేస్తారు? తట్టి చూస్తారు. కొబ్బరికాయైతే చెవి దగ్గర పెట్టి ఊపి నీళ్లున్నాయో లేదో చూస్తారు. కోయకుండానే లోపలి సంగతి తెలిసిపోతుంది. భూకంపం వచ్చినప్పుడు భూమిని ఎవరో తట్టినట్టే, ఆ అదురు భూమి లోపలి నుంచి ప్రయాణం చేసి అవతలి దేశాల్లో పెట్టిన యంత్రాలకు వినిపిస్తుంది. మన పక్కనే, హిందూపురం వెళ్లే దారిలో గౌరిబిదనూరు దగ్గర, అలాంటి యంత్రాల వరుస 1965 నుంచి వింటూనే ఉంది.

పెద్దవాళ్లకు ఇంకొంచెం చెప్తాను. 1909లో క్రొయేషియాలో ఒక భూకంపం వచ్చింది. మొహొరోవిచిచ్ అనే శాస్త్రవేత్త ఆ రికార్డులు పెట్టుకుని కూర్చుని ఒక వింత గమనించారు, దూరంగా ఉన్న ఊళ్లకు అదురు అనుకున్నదానికంటే ముందే చేరింది. ఎందుకు? ఇది బెంగళూరు వాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. దగ్గర ప్రయాణమైతే లోపలి రోడ్లే మేలు, దూరమైతే కాస్త చుట్టైనా ఊరి అంచున వేగంగా పోనిచ్చే నైస్ రోడ్డు ఎక్కినవాళ్లు ముందు చేరతారు. అదురు కూడా కిందికి దిగి, అక్కడ వేగంగా పోనిచ్చే గట్టి రాతి పొరలో పరుగెత్తి, మళ్లీ పైకొచ్చింది. ఆ వేగం మారే చోటే పెంకు అయిపోయి తర్వాతి పొర మొదలయ్యే చోటు. ఒక్క గుంత తవ్వకుండా, కాగితాల మీద గీతలు చూసి కనిపెట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు నిప్పు సంగతి. ముగ్గు గీత లోపలి అంచు నుంచి ఇంకో 29 సెంటీమీటర్ల దాకా ఉన్నదంతా ప్రావారం. ప్రావారమంటే పైన కప్పుకునే వస్త్రం, ఉత్తరీయం లాంటిది. ఇదే బొమ్మల్లో నారింజరంగు పూసే భాగం. పిల్లలూ, ఇది నీళ్లలా ఉంటుందా, రాయిలా ఉంటుందా? రాయి! మళ్లీ చెప్పండి. రాయి. చాలా వేడి రాయి, కానీ రాయే. దీనికి సాక్ష్యం కూడా అదురే. భూకంపంలో పక్కకి ఊగుతూ పోయే ఒక రకం అల ద్రవంలోంచి పోలేదు. ప్రావారంలోంచి అది హాయిగా పోతోంది. ఇంకా లోతుకి, 2,900 కిలోమీటర్ల దగ్గరికి వెళ్లాక ఆగిపోతోంది, అక్కడ నిజంగానే కరిగిన ఇనుము ఉంది. ఈ వేరువేరు అలలను రికార్డుల్లో పట్టుకున్నది మన దేశంలో పనిచేసిన ఓల్డ్‌హామ్ అనే భూవిజ్ఞాని, 1897 అస్సాం భూకంపం చదివి. భూమికి వేరే గుండ్రటి కేంద్రం ఉందని 1906లో చూపించిందీ ఆయనే.

అంత వేడిలో రాయి ఎందుకు కరగదు అని వెనక నుంచి అడుగుతున్నారు. మీ ఇంట్లో కుక్కర్ ఉంది కదండీ. మామూలు గిన్నెలో వంద డిగ్రీలకు మరిగే నీళ్లు, కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వంద దాటినా మరగవు. అలాగే పైనున్న రాళ్ల బరువంతా మీద పడి ఒత్తుతుంటే రాయికి కరిగే వీలు ఉండదు. ఎక్కడైనా ఆ ఒత్తిడి తగ్గితేనో, నీరు లోపలికి చేరితేనో కొంచెం కరుగుతుంది, అదే పైకొచ్చి లావా అవుతుంది. కొన్ని చోట్లే అలా జరుగుతుంది. మన దేశంలో ఇప్పుడు సజీవంగా ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలో బారెన్ దీవి. మారతహళ్లి బేస్‌మెంట్లకు ఏ ప్రమాదమూ లేదు.

కాకపోతే ఆ వేడి రాయి చాలా నిదానంగా సాగుతుంది. వానాకాలంలో బెల్లం దిమ్మ చూశారా? కొడితే రాయిలా ఖంగుమంటుంది, పెచ్చులూడుతుంది, కానీ నెల రోజులు పళ్లెంలో వదిలేస్తే అంచులు జారి పక్కకి వాలుతుంది. ప్రావారం దానికంటే ఎన్నో రెట్లు గట్టిది, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది, మీ గోళ్లు పెరిగినంత. దాని మీద పెంకు, కింద అంటుకున్న కొంత గట్టి ప్రావారంతో కలిసి, పలకలు పలకలుగా జరుగుతుంటుంది, మన ఇండియా కూడా ఉత్తరానికి జరుగుతూనే ఉంది. పలకల సంగతి వేరే ఆదివారం చెప్పుకుందాం, ఒకేరోజు రెండూ చెబితే పిల్లలకు రెండూ మిగలవు.

మాటల గురించి చిన్న సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో పెంకుని భూపటలం అంటారు. మంచి మాటే, పటలమంటే కప్పు. కానీ నేను మొదటివారం ఆ మాట వాడగానే ఒక పాప లేచి గోడ మీద మ్యాపు చూపించింది. భూపటం అని విన్నది! ఆరేడేళ్ల వాళ్లకు పెంకు అనండి, చాలు. పెంకు అంటే గుడ్డు తెలుసు, తాబేలు తెలుసు, మేడ మీద పెంకులు తెలుసు. పదేళ్లొచ్చాక భూపటలం వాళ్ల నోటికి అదే వస్తుంది.

ముగ్గు ఎంత బాగా వేసినా, చేత్తో ముట్టుకోనిది పిల్లల దగ్గర నిలవదు. భూమి పెంకు ముట్టుకోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. మీ వంటగట్టు నల్లరాయి మీద సెల్‌ఫోన్ లైటు వేయించండి, చీమకుర్తి గెలాక్సీ అయితే లోపల రాగిరంగు చుక్కలు మెరుస్తాయి, కరిగిన రాయి లోతుల్లో మెల్లగా చల్లారుతూ కట్టిన స్ఫటికాలవి. ఊళ్లో అమ్మమ్మ ఇంట్లో పరిచిన కడప బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. మనం అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక కూడా బురదే, ఒత్తిడికి పొరలు పొరలుగా గట్టిపడింది. నా దగ్గర పాత పలక ఒకటి ఉంది, చెక్క చట్రం ఊడిపోయింది, తరగతిలో పిల్లలకు ఇస్తే అంచు మీద గోరు పెట్టి పొరలు లెక్కపెట్టారు, ఒకడు పదకొండు అన్నాడు, ఇంకొకరు కాదు తొమ్మిదే అని గొడవ. ఆ గొడవ నేను ఆపలేదు. అంత దగ్గరగా రాయిని చూశారంటే నాకు అంతకంటే ఏం కావాలి?

ఇంకొకటి, మన ఊళ్లో దొరికినంత సులువుగా ఎక్కడా దొరకదు. బోరు బండి. రాత్రంతా మోత అని తిట్టుకుంటాం, కానీ పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి దూరం నుంచి చూపించండి. వెయ్యి అడుగుల కిందినుంచి బూడిదరంగు పిండి వస్తుంది, రోడ్డు పక్కన కుప్ప పడుతుంది. పని ముగిశాక గుప్పెడు తెచ్చి నీళ్లలో కడిగితే అడుగున గింజలు మిగులుతాయి, తెల్లటివి, పాలరంగువి, నల్లగా మెరిసే అభ్రకం రేకులు. ఆ గింజలు ఎక్కడివో చూడాలంటే లాల్‌బాగ్ వెళ్లాలి.

లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న పెద్ద బండ మీద మీరంతా ఫొటోలు దిగే ఉంటారు. భూవిజ్ఞాన సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు, అక్కడ బోర్డు కూడా ఉంది. వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లే. పిల్లలకు ఇలా చూపించాను: డైనోసార్లు పోయిన కాలం ఒక జానెడైతే, ఈ బండ పుట్టిన కాలం దాదాపు ఒక బీఎంటీసీ సిటీ బస్సు పొడవు. పార్కింగ్‌లో నిజంగానే జానలతో కొలిచారు, 45 జానలు, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటినుంచి.

పొద్దున ఏడున్నరకు బండ చల్లగా ఉంటుంది. అందరినీ చెప్పులు విప్పించి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అరచేయి రాతికి ఆనించమన్నాను. దగ్గరగా చూస్తే తెల్లచార, నల్లచార, మళ్లీ తెల్లచార, మెలికలు తిరిగి, చపాతీ పిండి మడిచినట్టు. ఎందుకలా ఉంది? ఎన్నో కిలోమీటర్ల లోతున వేడికీ ఒత్తిడికీ నలిగింది గనక. అంటే ఈ బండ ఒకప్పుడు పెంకు లోపలి భాగం! దాని మీద ఉన్న రాయంతా కోట్ల ఏళ్లుగా ఎండకీ వానకీ అరిగి, మట్టయి, వాగుల్లో నదుల్లో కొట్టుకుపోయింది. మన ఎర్రమట్టి అలా అరిగిన రాయే. గని అక్కర్లేదు, బోరు అక్కర్లేదు, లోపల దాగి ఉండాల్సిన పెంకు మన ఊరి నడిమధ్యలో బయటికొచ్చి కూర్చుంది. బెంగళూరులో పెరిగే పిల్లలకు ఇంత అదృష్టం ఉండగా గోడమీది బొమ్మతో ఎందుకు మొదలుపెట్టాలి?

ఆ రోజు మా మనవడు అరచేయి తీసి చెంప ఆనించాడు. కాసేపు అలాగే ఉండి, "చల్లగా ఉందమ్మమ్మా, లోపల కూడా రాయేనా?" అన్నాడు. లోపల కూడా రాయే అన్నాను. "చాలా దూరం వరకూనా?" చాలా దూరం వరకూ. ఇంటికొచ్చాక బేస్‌మెంట్‌లో కారు దిగి, లిఫ్టు దాకా నాకంటే ముందు పరుగెత్తాడు.

ముగ్గు ఇలాగే ఉంచండి, వాచ్‌మెన్‌తో చెప్పాను, సాయంత్రం దాకా ఊడవరు. తొక్కకుండా చుట్టూ తిరిగి చూడండి. ఇక రాళ్లు. ఎవరు ముందు? ఆ మూల పచ్చ గౌను పాప, రెండు చేతులతో పట్టుకుంది చూడండి, నువ్వు దా అమ్మా. ఎక్కడ దొరికింది ఇది?